పెదవులకు తోడు ఏ శబ్దం? పాకెట్ మిషన్ నుంచి కాక్లియర్ ఇంప్లాంట్ దాకా ఏది ఎవరికి

వినికిడి తగ్గినవాళ్ళ నోట తరచూ వచ్చే మాట ఒకటుంది: "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు." ఇంట్లోవాళ్ళు ఆ మాటను సగమే పట్టించుకుంటారు. వినిపించట్లేదన్నమాట, ఇంకా గట్టిగా వినిపించే మిషన్ కొనాలి అనుకుంటారు. దుకాణంలోనూ అదే ప్రశ్న: "ఇప్పుడు గట్టిగా వినిపిస్తోందా?" దానికి అవునని చెప్పించడం తేలిక. కొన్న మిషన్ నెల తిరక్కుండా బీరువా ఎక్కడం అంతకన్నా తేలిక.

వినికిడి తగ్గిన మనిషి ఒక్క చెవితోనే వినడు. ఎదుటివాళ్ళ నోటి వంక చూస్తూ వింటాడు. అలా చూస్తున్నామన్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. "కళ్ళజోడు పెట్టుకుంటే మాట బాగా వినిపిస్తుంది" అని పెద్దవాళ్ళు అంటే మనం నవ్వుతాం గానీ, అందులో తప్పేమీ లేదు. కాబట్టి ఏ సాధనం కొనబోతున్నా అడగాల్సిన ప్రశ్న వేరు. పెదవుల్లో కనిపించనిదాన్ని ఇది చెవికి అందిస్తోందా? కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఈ ప్రశ్నతోనే తూచాను.

కంటికి తెలిసేది, చెవికి మిగిలేది

అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా పాట, బాట, మాట అనండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి. పడి, బడి, మడి కూడా అంతే. తడి, దడి, నడి అన్నప్పుడు నాలుక పళ్ళకు తగలడం లీలగా కనిపిస్తుంది గానీ, ఏది ఏదో చెప్పలేం. క, గ నోటి వెనక భాగంలో పుడతాయి కాబట్టి అసలు కనిపించవు. ట, డ, ణ, ళ పలకడానికి నాలుకను వెనక్కి మడుస్తాం, అదీ లోపలి వ్యవహారమే. ఒత్తులది ఇంకో చిక్కు. గడి, గడ్డి అనే రెండు మాటలకూ తేడా అంతా లోపల నాలుక ఎంతసేపు ఆగిందన్న దాంట్లో ఉంది. బయటున్న కంటికి అది అందదు.

అలాగని పెదవులను తక్కువ చేయనక్కర్లేదు. పలికింది పెదవులు మూసి పలికే హల్లా, పళ్ళ దగ్గరిదా, లోపలిదా అన్నది కంటికి బాగానే తెలుస్తుంది. ఉ, ఒ లకు పెదవులు గుండ్రమవుతాయి, ఇ, ఎ లకు సాగుతాయి, ఆ అంటే నోరు తెరుచుకుంటుంది. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. మన ప్రశ్నలు చాలావరకు 'ఆ'తో ముగుస్తాయి. "వచ్చాడు" అంటే చివర పెదవులు ముడుచుకుంటాయి, "వచ్చాడా" అంటే తెరుచుకుంటాయి. గొంతు పైకి లేచిన సంగతి వినపడకపోయినా అడుగుతున్నారని తెలిసిపోతుంది. "వచ్చాడో" దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్ళీ చెవి సాయం కావాలి.

ఇప్పుడు శబ్దం వైపు చూద్దాం. ప, బ, మ లను విడదీసేది ఏమిటి? గొంతు ఎప్పుడు మోగడం మొదలైంది, ముక్కులోంచి గాలి వచ్చిందా అన్నవే. ఈ సమాచారం ఎక్కువగా మంద్ర భాగంలో, అంటే తక్కువ హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనలో చెప్పే కొలత) దగ్గర ఉంటుంది. మగవాళ్ళ గొంతు మామూలుగా 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య, ఆడవాళ్ళది 200 హెర్ట్జ్ అటూ ఇటూ మోగుతుంది. ప, త, క లను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే శబ్దాలు, స, శ లాంటి ఊదుడు అక్షరాలు చాలావరకు అంతకన్నా ఎంతో పైన, వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి. వయసుతో వచ్చే చెవుడు ముందుగా తినేసేది ఈ పై భాగాన్నే. అందుకే అచ్చులు వినిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం తెలియదు.

అదృష్టం ఏమిటంటే, చెవి పోగొట్టుకున్న ఆ తేడాలనే పెదవులు చూపిస్తాయి. పెదవులు దాచిపెట్టేవి చెవిలో మిగిలిన మంద్ర భాగంలో వినిపిస్తాయి. చెవికి "ఏదో గొంతు మోగింది" అన్నంత మాత్రమే తెలిసి, కంటికి "పెదవులు మూసుకున్నాయి" అన్నంత మాత్రమే తెలిస్తే, రెండూ కలిసేసరికి అది ప కాదు, బ గానీ మ గానీ అయ్యుంటుందని తేలుతుంది. మిగతాది సందర్భం చూసుకుంటుంది.

ఇది ఊహ కాదు. 1954లో సంబీ, పోలాక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రొద మధ్య మాటలు వినిపించి చూశారు. రొద పెరిగేకొద్దీ మాట్లాడేవాళ్ళ ముఖం కనిపించడం వల్ల కలిగే లాభం కూడా పెరిగింది. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ ఇంకా విచిత్రమైన సంగతి చూపించారు. 'బ' శబ్దం వినిపిస్తూ 'గ' అంటున్న నోరు చూపిస్తే చాలామందికి 'ద' అని వినిపిస్తుంది. చెవి బాగున్నవాళ్ళు కూడా పెదవులను పక్కన పెట్టి వినలేరన్నమాట. మన ఎంపికకు అన్నిటికన్నా పనికొచ్చేది 1981లో లండన్‌లో రోజెన్, ఫోర్సిన్, మూర్ చేసిన పని. పెదవులు చదివేవాళ్ళకు వాళ్ళు అక్షరాలేవీ వినిపించలేదు. మాట్లాడేవాళ్ళ గొంతు పిచ్, అంటే మోత పైకీ కిందికీ కదలడం ఒక్కటే వినిపించారు. ఆ శబ్దాన్ని ఒక్కదాన్నే వింటే ఒక్క మాట కూడా అర్థం కాదు. పెదవులకు తోడు చేసేసరికి మాటను అనుసరించే వేగం బాగా పెరిగింది. దాదాపు పూర్తిగా వినికిడి పోయినవాళ్ళ కోసం, మొత్తం మాటకు బదులు ఆ పిచ్‌నే ఒక సాదా స్వరంగా మార్చి వినిపించే సైవో అనే సాధనాన్ని కూడా అక్కడే తయారుచేశారు.

కాబట్టి "చెవిలో మిగిలింది కొద్దే, మిషన్ పెట్టినా లాభం లేదు" అని ఎవరైనా తేల్చేస్తే, ఏ పరీక్ష మీద అన్నారో అడగండి. ముఖం కనిపించకుండా మాటలు వినిపించే పరీక్షలో సున్నా వచ్చిన మనిషికి కూడా ముఖం చూస్తూ వింటే ఆ కొద్ది శబ్దం ఎంతో పనిచేయొచ్చు. సున్నా అన్న ఆ అంకె చెవి గురించి చెప్పింది గానీ, మనిషి గురించి కాదు.

కొనేముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష

1978లో డి ఫిలిప్పో, స్కాట్ అనేవాళ్ళు ప్రవేశపెట్టిన పద్ధతి ఒకటుంది. పరిశోధనల్లోనే కాదు, వంటింటి బల్ల దగ్గర కూడా పనికొస్తుంది. ఒకరు దినపత్రికలోంచి నాలుగైదు మాటల చొప్పున చదువుతారు. రెండోవారు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తప్పితే మళ్ళీ చదవాలి, సరిగ్గా చెప్పాకే ముందుకు వెళ్ళాలి. అయిదు నిమిషాలయ్యాక ఎన్ని మాటలు దాటారో లెక్కపెట్టి అయిదుతో భాగిస్తే నిమిషానికి ఇన్ని అని వస్తుంది.

దీన్ని మూడు రకాలుగా చేయండి. మిషన్ ఆపేసి పెదవులు మాత్రమే చూస్తూ ఒకసారి, కళ్ళు మూసుకుని శబ్దం మాత్రమే వింటూ ఒకసారి, రెండూ కలిపి ఒకసారి. ప్రతిసారీ వేరే వార్త తీసుకోండి. వార్తల కష్టం మాత్రం ఒకే స్థాయిలో ఉండాలి, సినిమా వార్త పక్కన బడ్జెట్ వార్త పెడితే లెక్క తప్పుతుంది. చదివేవాళ్ళు అరవకూడదు. అరిస్తే నోరు వంకర్లు పోయి పెదవులు చదవడం కష్టమవుతుంది, శబ్దం కూడా చీలిపోతుంది. చివరగా ఫ్యాన్ పెద్దది చేసి, పక్క గదిలో టీవీ పెట్టి మళ్ళీ చూడండి. మన ఇళ్ళు వినికిడి పరీక్షించి మిషన్ సర్దే ఆడియాలజిస్ట్ గదిలా ఉండవు మరి.

రెండు మిషన్ల మధ్య తేల్చుకోవాల్సి వస్తే, మూడో లెక్క ఎక్కడ ఎక్కువ వచ్చిందో అదే మీది. కళ్ళు మూసుకుని చేసిన లెక్కలో అది వెనకబడినా సరే.

పాకెట్ మోడల్, ఆన్‌లైన్ యాంప్లిఫయర్, కొలిచి పెట్టిన మిషన్

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు దొరికే చాలా 'సౌండ్ యాంప్లిఫయర్లు' అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. వయసుతో వచ్చే చెవుడులో మంద్ర భాగం ఇంకా బాగానే ఉంటుంది. దాన్ని కూడా పెంచేస్తే ఫ్యాన్ మోత, స్టీల్ గిన్నెల చప్పుడు, రోడ్డు రొద అన్నీ పెరిగి, ఉన్న కాస్త సమాచారం వాటి కింద మునిగిపోతుంది. పెదవులకు తోడు రావాల్సిన భాగాన్నే ఇవి పాడుచేస్తున్నాయన్నమాట. నా ఉద్దేశంలో వీటికి ఒక్కటే చోటు ఉంది: ఆసుపత్రి మంచం పక్కన, ఒక్క మనిషితో మాట్లాడటానికి, తాత్కాలికంగా.

జేబులో పెట్టుకుని వైరుతో చెవికి తగిలించే పాత పాకెట్ మోడల్‌ను చూసి పెదవి విరిచేవాళ్ళున్నారు. అన్యాయం. దానికి శక్తి ఎక్కువ, మీటలు పెద్దవి, మామూలు పెన్సిల్ బ్యాటరీతో నడుస్తుంది. వేళ్ళు వణికేవాళ్ళు చిన్న మిషన్‌లో బియ్యపు గింజంత మీటతో కుస్తీ పట్టడం కన్నా ఇది నయం. చొక్కాకు రాసుకుని గరగరమంటుంది, నిజమే. అయితే జేబులోంచి తీసి ఎదుటివాళ్ళ చేతికిస్తే అదే మైకు అవుతుంది. ఎదుటివాళ్ళు గుండె దగ్గర పట్టుకుని మాట్లాడితే నోరు కనిపిస్తుంది, శబ్దం దగ్గర్నుంచి వస్తుంది. ఖరీదైన పరికరాలు చేసే పనిలో సగం అక్కడే అయిపోతుంది.

ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తోందో చూపే పరీక్ష పటం) తీసి, దాని ప్రకారం సర్ది పెట్టే డిజిటల్ మిషన్ల సంగతి వేరు. వీటిలో అసలు ఎంపిక చెవి వెనక పెట్టుకునేదా, లోపలికి దూర్చుకునేదా అన్నది. కనపడకూడదని చాలామంది లోపలిదే అడుగుతారు, ముఖ్యంగా ఇంట్లో పెళ్ళి చూపులో, ఉద్యోగం ఇంటర్వ్యూనో ఉన్నప్పుడు. ఆ ఇబ్బంది అర్థమవుతుంది. కానీ పెదవులు చూస్తూ వినేవాళ్ళకు చెవి వెనకదే మేలు అంటాను. కారణాలు రెండు. ఒకటి, దాంట్లో సాధారణంగా రెండు మైకులుంటాయి. ముందు నుంచి వచ్చే శబ్దానికి ఎక్కువ, వెనక నుంచి వచ్చేదానికి తక్కువ ప్రాధాన్యం ఇవ్వగలుగుతుంది. పెదవులు చూసే మనిషి ఎలాగూ మాట్లాడేవాళ్ళకు ఎదురుగానే ఉంటాడు కాబట్టి ఈ ఏర్పాటు అతనికి సరిగ్గా సరిపోతుంది. పూర్తిగా లోపలికి దూరే చిన్న మిషన్లలో ఇది సాధారణంగా ఉండదు. రెండోది, తీవ్రమైన చెవుడుకు కావలసిన శక్తి చిన్న మిషన్‌లో పట్టదు. పెంచితే కీచుమంటుంది.

చెవిలోకి వెళ్ళే కొస గురించి అమ్మేవాళ్ళు పెద్దగా మాట్లాడరు గానీ, అది చాలా ముఖ్యం. మంద్ర భాగం బాగా ఉండి పై భాగం మాత్రమే పోయినవాళ్ళకు రంధ్రాలున్న మెత్తటి గొట్టపు కొస సరిపోతుంది. గొంతు మోత చెవిలోకి మామూలుగానే వెళ్తుంది, మిషన్ పై భాగాన్ని మాత్రం జోడిస్తుంది. వీళ్ళ చెవిని బిగుతైన అచ్చుతో (చెవి ఆకారానికి పోతపోసిన మూతతో) మూసేస్తే తమ గొంతే తమకు బిందెలో మాట్లాడినట్టు వినిపించి విసుగు పుడుతుంది. తీవ్రమైన చెవుడున్నవాళ్ళకు సరిగ్గా ఎదురు. వాళ్ళకు చెవి కొలత తీసి చేసిన అచ్చు ఉండాల్సిందే, లేకపోతే మంద్ర శబ్దమంతా కారిపోతుంది. పెదవులకు తోడు నిలిచే శబ్దం అదే మరి.

ఇక ఛానెళ్ళు, అంటే మిషన్ శబ్దాన్ని విడగొట్టి వేరువేరుగా సర్దే భాగాలు. పన్నెండా, పదహారా, ఇరవై నాలుగా అని ధర పెంచుకుంటూ పోతారు. ఆ అంకెల కోసం డబ్బు పెట్టేకన్నా మంచి మైకుల మీద, సర్దుబాటుకు నాలుగుసార్లు పిలిచే ఆడియాలజిస్ట్ మీద పెట్టండి.

రిమోట్ మైక్: అందరూ మర్చిపోయే ఎంపిక

శబ్దం దూరంతో పలచబడుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ (శబ్దం గట్టితనానికి కొలత) తగ్గుతుంది. మూడు మీటర్ల అవతల ఉన్న మనిషి గొంతును అతని మెడ దగ్గర, జానెడు దూరంలో పట్టుకోగలిగితే ఆ లెక్కన 20 డెసిబెల్స్‌కు పైగా కలిసొస్తుంది. చెవి మిషన్ లోపల ఎంత తెలివి పెట్టినా ఇంత తేడా తేవడం కష్టం. చొక్కాకు తగిలించే చిన్న మైకు నుంచి నేరుగా వినేవాళ్ళ మిషన్‌లోకి గొంతు పంపేదే రిమోట్ మైక్. బడిలో టీచరుకు, ఆలయంలో ప్రవచనం చెప్పేవారికి, కారు ముందు సీట్లో కూర్చున్న అబ్బాయికి తగిలించవచ్చు.

అయితే దీని బలమే ఒకచోట బలహీనత. గొంతు నేరుగా చెవిలో మోగుతుంది కాబట్టి ఎటువైపు నుంచి వచ్చిందో తెలియదు. ఒక్కరే మాట్లాడుతుంటే ఫర్వాలేదు, ఎవరి నోరు చూడాలో ముందే తెలుసు. పండగకు పదిమంది చేరి ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే, కళ్ళు ఆ నోటి కోసం వెతికే లోపే మాట అయిపోతుంది. అలాంటి చోట మైకును చేతులు మారుస్తూ మాట్లాడటం మంచిది. కొంచెం నాటకంలా ఉంటుంది గానీ, మైకు ఎవరి చేతిలో ఉందో చూస్తే ఎవరి పెదవులు చూడాలో తెలిసిపోతుంది. పైగా ఇంట్లోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం నేర్చుకుంటారు!

డబ్బు పెట్టే ముందు ఈ ఆలోచన మీకు పనికొస్తుందో లేదో తెలుసుకోవాలంటే, ఇంట్లో ఐఫోన్, ఎయిర్‌పాడ్స్ ఉంటే 'లైవ్ లిజన్' పెట్టి చూడండి. ఫోన్‌ను మాట్లాడేవాళ్ళ దగ్గర పెడితే అదే మైకు అవుతుంది. 2018 నుంచి ఎయిర్‌పాడ్స్‌తో ఇది ఉంది. తీవ్రమైన చెవుడుకు ఆ శక్తి చాలదు గానీ తేడా ఏమిటో తెలుస్తుంది. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, పెదవులతో పొంతన తప్పొచ్చు. ఆ విషయం కిందే చెబుతాను.

మిషన్ కొనేటప్పుడు టెలికాయిల్ ఉందా అని కూడా అడగండి. హాల్లో పరిచిన లూప్ వైరు నుంచి మైకు శబ్దాన్ని నేరుగా అందుకునే చిన్న తీగచుట్ట అది. లూప్ వైరు పరిచిన హాళ్ళు మన దగ్గర తక్కువే. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చే పెద్దవాళ్ళకు అక్కడి విమానాశ్రయాల్లో, ప్రార్థనా మందిరాల్లో అది అక్కరకొస్తుంది.

ఫోన్‌లో అక్షరాలు

గూగుల్ 2019లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెచ్చింది. అమెరికాలో బధిరుల కోసం నడిచే గాలొడెట్ విశ్వవిద్యాలయం సాయంతో తయారైన యాప్ అది. మాట్లాడిన మాటను అప్పటికప్పుడు అక్షరాల్లో చూపిస్తుంది, తెలుగులో కూడా. ఖర్చు లేదు. "ఇంక మిషన్ ఎందుకు?" అని అడిగేవాళ్ళకు నా జవాబు: కళ్ళు ఒక్కటే జత. ఫోన్ చూస్తే పెదవులు పోతాయి, పెదవులు చూస్తే అక్షరాలు పోతాయి. అక్షరాలు మాట తర్వాత కాసేపటికి గానీ రావు. అప్పటికి ముఖంలో నవ్వు, వెటకారం దాటిపోయి ఉంటాయి. సగం తెలుగు సగం ఇంగ్లీషులో, ఇంటి యాసలో మాట్లాడితే యాప్ తడబడుతుంది.

కానీ పేర్లు, అంకెలు, మందు మోతాదుల దగ్గర దీన్ని మించింది లేదు. ఇలాంటి మాటలు పెదవుల మీద నమ్మదగినవి కావు, చెవికీ నమ్మకం తక్కువే. డాక్టరు గదిలో ఫోన్‌ను బల్ల మీద, డాక్టరు ముఖానికి కిందుగా నిలబెట్టండి. చూపు పెదవుల మీదే ఉంచి, అనుమానం వచ్చినప్పుడు మాత్రం కిందికి దించితే సరి.

టీవీ, వీడియో కాల్

పెదవులకూ శబ్దానికీ మధ్య వ్యవధి పెరిగితే రెండూ కలవవు. శబ్దం బొమ్మకన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనుషులు పసిగడతారని టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన లెక్క. టీవీకి బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టాక "బొమ్మ బాగుంది, మాట బాగుంది, అయినా అర్థం కావట్లేదు" అనిపిస్తే ఈ వ్యవధిని అనుమానించండి. వైరు హెడ్‌ఫోన్, లేదా టీవీ కోసమే మిషన్ కంపెనీవాళ్ళు ఇచ్చే ట్రాన్స్‌మిటర్ దీనికన్నా నయం.

డబ్బింగ్ సీరియళ్ళు ఇంకో గొడవ. పెదవులు హిందీలోనో తమిళంలోనో కదులుతాయి, శబ్దం తెలుగులో వస్తుంది. మామూలు ప్రేక్షకులకు ఇది చిరాకు మాత్రమే. పెదవులు చూసి వినేవాళ్ళకు తప్పుదారి పట్టించే సమాచారం. మెగర్క్ ప్రయోగం రోజూ రాత్రి ఎనిమిదింటికి హాల్లో జరుగుతున్నట్టే. కొత్త మిషన్ అలవాటు చేసుకునే రోజుల్లో ఎదురుగా కూర్చుని వార్తలు చదివే తెలుగు యాంకర్ మంచి గురువు.

వీడియో కాల్‌లో నెట్ సరిగ్గా లేక బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే వీడియో ఆపేసి శబ్దం మీదే ఆధారపడండి, లేదా మెసేజ్ పెట్టమనండి. ఆగి కదిలే పెదవులు లేని పెదవులకన్నా ఎక్కువ కష్టపెడతాయి.

మిషన్ చాలనప్పుడు: కాక్లియర్ ఇంప్లాంట్

ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే ఈ సాధనం శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా నేరుగా వినికిడి నాడికి అందిస్తుంది. దీని చరిత్రే మన ప్రశ్నకు జవాబు. 1984లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన తొలి ఇంప్లాంట్‌లో ఉన్నది ఒకే ఛానెల్. దాన్ని పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది శబ్దం ఒక్కటే విని మాట అర్థం చేసుకోలేకపోయారు. కానీ పెదవులు చదవడం తేలికైంది, ఎందుకంటే గొంతు ఎప్పుడు మోగిందో, ఎక్కడ ఆగిందో చెవికి అందింది. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో మొదటిసారి అమర్చిన బహుళ ఛానెళ్ళ ఇంప్లాంట్ తరహావే ఇప్పుడు అందరూ వాడుతున్నవి. వీటితో, భాష వచ్చాక వినికిడి పోయిన పెద్దవాళ్ళలో చాలామంది ముఖం చూడకుండా కూడా మాటలు పట్టగలుగుతున్నారు.

అయినా రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఇంప్లాంట్‌కు అక్షరాల తేడా బాగా వస్తుంది, పిచ్ సరిగ్గా రాదు. రెండో చెవిలో మంద్ర వినికిడి కొంచెం మిగిలి ఉంటే అక్కడ మామూలు మిషన్ ఉంచుకోవడం మంచిది. గొంతు హెచ్చుతగ్గులు ఆ చెవి ఇస్తుంది, మిగతాది ఇంప్లాంట్ ఇస్తుంది. "ఇంప్లాంట్ వచ్చింది కదా" అని రెండో మిషన్ తీసేయకండి. రెండోది, ఆపరేషన్‌తో పని పూర్తి కాదు, నెలల తరబడి శిక్షణ కావాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. చిన్న పిల్లలకు వికలాంగులకు సాధనాలందించే కేంద్రం ఎడిప్ పథకం కింద, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద సాయం ఉంది. వయసు పరిమితులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకుండా కనుక్కోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వాక్కు, వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పేరు హైదరాబాదీదే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినాయనది. ప్రధాన కేంద్రం మాత్రం ముంబైలో, 1983లో మొదలైంది. పుట్టుకతో వినికిడి లేని పిల్లల విషయంలో సంజ్ఞా భాష కూడా పూర్తి స్థాయి ఎంపికే. ఆ చర్చ ఇక్కడ పట్టేది కాదు.

చర్మం మీద కంపనలుగా శబ్దాన్ని అందించే సాధనాలు కూడా ఒకప్పుడు వచ్చాయి. పెదవులకు అవి కొంత తోడయ్యాయి గానీ, ఇంప్లాంట్లు వచ్చాక వెనకబడ్డాయి. ఇప్పుడు వాటి కోసం వెతకడంలో అర్థం లేదు.

చివరికి ఎవరికి ఏది

అరవై దాటి, గొంతు వినిపిస్తూ మాట తెలియనివాళ్ళకు చెవి వెనక పెట్టుకునే, చెవి మూయని రకం జత. ఒక్కటి కాదు, రెండు చెవులకూ. తీవ్రమైన చెవుడు ఉంటే శక్తి గల మిషన్, కొలత తీసిన అచ్చు, వాటికి తోడు రిమోట్ మైక్. మిషన్ తరగతి ఒక మెట్టు తగ్గించి అయినా మైకు కొనమంటాను. మంచి మిషన్‌తో, ముఖం చూస్తూ కూడా ఇంటి పరీక్షలో నిమిషానికి మాటలు పెరగకపోతే ఇంప్లాంట్ గురించి అడగాల్సిన సమయం వచ్చినట్టే. చదువుకునే పిల్లలకు ముందు మైకు, ముందు బెంచీ, కిటికీ వెలుతురు టీచరు ముఖం మీద పడేలా చోటు. చూపు కూడా తగ్గినవాళ్ళకు పెదవులు అందవు కాబట్టి శబ్దం నాణ్యత మీదే ఎక్కువ పెట్టాలి, కంటి శుక్లం ఉంటే దాని సంగతి కూడా చూడాలి. హఠాత్తుగా, ఒకటి రెండు రోజుల్లో వినికిడి పోతే ఈ పోలికలేవీ వద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, చికిత్సకు గడువు తక్కువ.

ఏది కొన్నా ముందు వాడి చూసే వ్యవధి ఎన్ని రోజులో, నచ్చకపోతే ఎంత తిరిగిస్తారో రాయించుకోండి. సర్దుబాటు చేయించే రోజున ఒంటరిగా వెళ్ళొద్దు. ఇంట్లో ఎవరి మాట వినడం మీకు అన్నిటికన్నా ముఖ్యమో వాళ్ళను తీసుకెళ్ళండి, భార్య గానీ మనవరాలు గానీ. ఆడియాలజిస్ట్ గొంతుకు కాదు, వాళ్ళ గొంతుకు, వాళ్ళ ముఖం చూస్తూ సర్దించుకోండి. మీసం పెదవి మీదికి దిగిన కొడుకు వస్తానంటే మాత్రం, వచ్చేముందు కత్తిరించుకురమ్మనండి.